ఇంటి బీమాకు సరసమైన ధర

గోదావరి, కృష్ణా మండలాలలో తాటాకు ఇళ్లు విరివిగా ఉన్న రోజులలో ఎండకాలం వచ్చిందంటే గ్రామాలకు అగ్నిభయం తప్పేది కాదు. ఒక ఇల్లు అంటుకుంటే ఊరివారంతా కడవలతో పరుగెత్తేవారు. మంటలు చల్లారిన తరువాత ఒకరు వెదుళ్లు, ఒకరు తాటాకులు, మరొకరు నాలుగు కుంచాల ధాన్యం ఇచ్చి ఆ కుటుంబాన్ని తిరిగి నిలబెట్టేవారు. నష్టం ఒకరికి కలిగినా దాని బరువును పదిమందీ పంచుకొనే ఈ ఆచారమే బీమాకు మూలసూత్రం.

అయితే ఈ ఆచారానికి ఒక హద్దు ఉన్నది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినపుడు సాయం చేయవలసిన ఇరుగుపొరుగువారికే నిలువ నీడ లేకుండా పోయింది. ఊరు ఊరంతా ఒక్కసారి నష్టపోతే సాయం ఊరి వెలుపలి నుండి రావలసిందే. పంచుకొనేవారు ఎంత ఎక్కువమంది ఉంటే, ఎంత దూరదూరాల ఉంటే, భారం అంత తేలికపడుతుంది. 2001 జనవరి 26న కచ్ ప్రాంతాన్ని భూకంపం కుదిపివేసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద విరుచుకుపడింది. 2015 డిసెంబరులో చెన్నై నగరం, 2018 ఆగస్టులో కేరళ రాష్ట్రం, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని అనేక పేటలు జలమయమైనాయి. ఇవన్నీ ఒకే ఏట వచ్చినవి కావు, ఒకే చోట వచ్చినవీ కావు. భుజ్‌లోని గృహస్థు, విశాఖలోని గృహస్థు, అస్సాంలో బ్రహ్మపుత్ర ఒడ్డున నివసించే గృహస్థు ఒకే నిధికి ఏటేటా కొద్దిపాటి సొమ్ము చెల్లిస్తే, ఎవరి వంతు వచ్చినపుడు వారికి ఆ నిధి అక్కరకు వస్తుంది. ఆ చెల్లించే సొమ్మునే ప్రీమియం అంటారు.

దేశానికి కూడా మించిన నష్టాలు ఉంటాయి. అందుచేత బీమా సంస్థలు తమ భారంలో కొంత భాగాన్ని మరొక సంస్థకు అప్పగిస్తాయి. దీనికి పునర్బీమా అని పేరు. జనరల్ ఇన్సూరెన్స్ కార్పొరేషన్‌ను 2000లో మన జాతీయ పునర్బీమా సంస్థగా నిర్ణయించారు.

మన దేశంలో రోడ్డు మీద నడిచే వాహనానికి బీమా చట్టరీత్యా తప్పనిసరి. జీవితకాలపు కష్టార్జితంతో కట్టుకొన్న ఇంటికి అట్టి నిర్బంధం లేదు. చాలామంది ఆ ఊసే తలపెట్టరు. తలపెట్టినవారిని వేధించే సందేహం ఒకటే: అడిగిన ధర న్యాయమైనదేనా? ఈ ప్రశ్నకు సమాధానం ప్రీమియం అంకెలో కనబడదు. అది దరఖాస్తులో ఇంటి విలువ రాసే గడిలో ఉంటుంది.

రేటు నిర్ణయించే అధికారం ఎవరిది?

భారతదేశంలో సాధారణ బీమా వ్యాపారం 1850లో కలకత్తాలో ట్రైటన్ కంపెనీతో మొదలయింది. 1972 చట్టం ద్వారా ప్రభుత్వం ఈ వ్యాపారాన్ని జాతీయం చేసింది. 1973 జనవరి 1 నుండి 107 బీమా సంస్థలు నాలుగు కంపెనీలుగా ఏర్పడినాయి. అవి కలకత్తాలో నేషనల్, బొంబాయిలో న్యూ ఇండియా, ఢిల్లీలో ఓరియంటల్, మద్రాసులో యునైటెడ్ ఇండియా. ఆ రోజులలో అగ్నిబీమా రేట్లను ఏ కంపెనీ తనంతట తాను నిర్ణయించుకొనేది కాదు. టారిఫ్ అడ్వైజరీ కమిటీ అనే చట్టబద్ధ సంఘం నిర్ణయించిన రేటే దేశమంతటా అమలులో ఉండేది. కనుక ధర కోసం నాలుగు గడపలు ఎక్కవలసిన అవసరం గృహస్థుకు ఉండేది కాదు. బేరమాడే అవకాశమూ లేదు.

1999లో బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం వచ్చిన తరువాత ప్రైవేటు కంపెనీలకు తిరిగి తలుపులు తెరుచుకొన్నాయి. ఈ ప్రాధికార సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉన్నది. 2007 జనవరి 1 నుండి అగ్నిబీమాకు ఉమ్మడి రేట్ల విధానం తొలగిపోయింది. అప్పటినుండి ఒకే ఇంటికి ఒక కంపెనీ ఒక ధర, మరొక కంపెనీ మరొక ధర చెప్పడం ఆరంభమయింది. పోటీ వల్ల ధరలు దిగినమాట నిజమే. కాని గృహస్థుకు మరొక చిక్కు వచ్చిపడింది. రెండు పాలసీల ధరలు పోల్చవచ్చు గాని, వాటిలోని షరతులు వేరువేరుగా ఉంటే ఆ పోలికకు అర్థం లేదు.

ఈ చిక్కును విడదీయడానికే 2021 ఏప్రిల్ 1 నుండి ప్రాధికార సంస్థ ‘భారత్ గృహరక్ష’ అనే పాలసీని ప్రవేశపెట్టింది. సాధారణ అగ్నిబీమా అమ్మే కంపెనీలన్నీ దీనిని విధిగా అమ్మాలని నిర్దేశించింది. పేరు ఒకటే, వాక్యాలు ఒకటే, షరతులు ఒకటే. ధర మాత్రం ఎవరికి వారిదే. సంతలో అందరి తూకపురాళ్లూ ఒకే తీరుగా ఉంటే సరుకు ధర పోల్చడం ఎంత సులభమో, ఇదీ అంతే. సామాన్య గృహస్థుకు ఇంతకంటె పెద్ద ఉపకారం ఈ రంగంలో ఈ మధ్యకాలంలో జరగలేదనే చెప్పాలి.

అగ్నిప్రమాదం, పిడుగుపాటు, పేలుడు, భూకంపం, తుఫాను, సునామీ, వరద, కొండచరియలు విరిగిపడడం, వాహనం వంటిది వచ్చి ఢీకొనడం, అల్లర్లు, సమ్మెలు, ఉగ్రవాద చర్యలు, నీటి తొట్లు పగిలి పొర్లడం మొదలైన వాటివల్ల కలిగే నష్టాలు ఈ పాలసీ పరిధిలోనికి వస్తాయి. శిథిలాలు తొలగించే ఖర్చు, ఇంజనీరుకు చెల్లించే రుసుము కూడా కొంత పరిమితికి లోబడి ఇస్తారు.

నేల కాలిపోదు

ఇంటి బీమాలో ధర తప్పుదారి పట్టే చోటు ఇది. హైదరాబాదులో ఒక కుటుంబానికి వెయ్యి చదరపు అడుగుల కార్పెట్ వైశాల్యం గల ఫ్లాటు ఉన్నదనుకొందాం. దాని అమ్మకపు ధర 80 లక్షల రూపాయలు. బీమా చేయించబోయినపుడు ఇంటి యజమాని సహజంగానే 80 లక్షలు అని రాస్తాడు. కాని ఆ ధరలో పెద్ద భాగం నేలది. ఆ పేటకున్న గిరాకీది. ఎంతటి అగ్నిప్రమాదం జరిగినా నేల కాలిపోదు. పేటకున్న గిరాకీ వరదలో కొట్టుకొనిపోయేది కాదు. మళ్లీ కట్టుకొనవలసింది గోడలు, శ్లాబు, తలుపులు, గచ్చు, కరెంటు తీగలు, నీటి గొట్టాలు మాత్రమే. చదరపు అడుగుకు నిర్మాణ వ్యయం 2,500 రూపాయలు అనుకొంటే ఆ ఇంటి బీమా విలువ 25 లక్షలు.

వెయ్యి రూపాయల విలువకు సంవత్సరానికి 50 పైసలు రేటు అనుకొందాం. (లెక్క తెలియడానికి తీసుకొన్న అంకె మాత్రమే, అసలు రేటు ఊరును బట్టి, కంపెనీని బట్టి మారుతుంది.) 25 లక్షలకు ప్రీమియం 1,250 రూపాయలు; 80 లక్షలకు 4,000 రూపాయలు. పన్ను వేరు. ఏటా 2,750 రూపాయలు ఎక్కువ చెల్లించిన మనిషికి ఇల్లు పూర్తిగా కూలినపుడు దక్కేది మాత్రం తిరిగి కట్టడానికయ్యే ఖర్చే. రేటు విషయంలో పది పైసల కోసం బేరమాడి, విలువ విషయంలో మూడింతలు ఎక్కువ రాసుకొనడం మన గృహస్థులు తరచుగా చేసే పొరపాటు. దానిని సరిదిద్దవలసిన ఏజెంటుకు ఆ తొందర ఉండదు. ప్రీమియం పెరిగితే అతని కమిషన్ కూడా పెరుగుతుంది.

భారత్ గృహరక్ష పాలసీలో విలువ కట్టే పద్ధతిని స్పష్టంగానే చెప్పారు. కార్పెట్ వైశాల్యాన్ని పాలసీ మొదలయ్యే నాటి నిర్మాణ వ్యయంతో గుణించాలి. ప్రహరీ గోడ, గేటు, కారు షెడ్డు, సోలార్ పలకలు వంటివి ఉంటే వాటి ఖర్చు వేరుగా కలపాలి. స్థానికంగా ఇళ్లు కట్టించే మేస్త్రీని గాని, ఇంజనీరును గాని అడిగితే ఆ ఊరిలో చదరపు అడుగుకు ఎంత అవుతున్నదో చెబుతారు. ఆ ఒక్క విచారణ పది ప్రకటనలు చదవడం కంటె మేలు.

దీనికి ఎదురు తప్పు విలువను తక్కువగా రాయడం. పాత అగ్నిబీమా పాలసీలలో సగటు షరతు అనే నిబంధన ఉండేది. 30 లక్షలు విలువ చేసే ఇంటిని ప్రీమియం ఆదా కోసం 15 లక్షలకే బీమా చేస్తే, యజమాని సగం భారాన్ని తానే మోయడానికి ఒప్పుకొన్నట్లు కంపెనీ భావించేది. వంటగదిలో మంటలు లేచి 6 లక్షల నష్టం కలిగితే, 6 లక్షలు 15 లక్షలలోపే గదా అని అతను అనుకొనేవాడు. చేతికి వచ్చేది 3 లక్షలు. ఈ ఒక్క నిబంధన వల్ల బీమా మీదనే నమ్మకం పోగొట్టుకొన్న కుటుంబాలు లేకపోలేదు. భారత్ గృహరక్షలో ఈ షరతు లేదు. అయినా రాసిన విలువే చెల్లింపుకు గరిష్ఠ పరిమితి. ఇల్లు మొత్తం పోతే 15 లక్షలతో 30 లక్షల ఇల్లు లేవదు. వేరే పేరుతో అమ్మే ఇతర పాలసీలలో సగటు షరతు ఉన్నదో లేదో సంతకం పెట్టేముందే చూసుకోవాలి.

నిర్మాణ వ్యయం ఏటేటా పెరుగుతుంది. పదేళ్లవరకు ఒకేసారి తీసుకోదగిన ఈ పాలసీలో ఒక సంవత్సరానికి మించిన గడువు ఎంచుకొంటే బీమా విలువ ఏటా నూటికి 10 వంతున దానంతటదే పెరుగుతుంది. ఏడాదికొకసారి తీసుకొనేవారు ఈ పెరుగుదలను తామే గుర్తుంచుకొని సవరించుకోవాలి. ఐదేళ్ల క్రితపు అంకెనే ఏటా యథాతథంగా పునరుద్ధరించుకొనడం మామూలయిపోయింది.

సామాను సంగతి

ఇంటి కట్టడానికి భారత్ గృహరక్ష తీసుకొన్నవారికి ఇంటిలోని సాధారణ సామానుకు కూడా రక్షణ దానితోపాటే వస్తుంది. కట్టడం విలువలో నూటికి 20 వంతులు, గరిష్ఠంగా 10 లక్షల రూపాయలవరకు, జాబితా ఇవ్వకుండానే వర్తిస్తుంది. పై ఉదాహరణలోని 25 లక్షల ఇంటికి 5 లక్షల సామాను రక్షణ అప్పుడే ఉన్నదన్నమాట. ఈ సంగతి తెలియని గృహస్థు మరో 5 లక్షలకు సామాను పాలసీ వేరుగా కొంటే, ఉన్నదానికే రెండవసారి వెల చెల్లించినట్లవుతుంది. సామాను అంతకంటె ఎక్కువ ఉంటే మాత్రం వివరాలు రాసి ఇచ్చి విలువ పెంచుకోవలసి ఉంటుంది.

ఎంత ఉన్నదో తెలుసుకొనడం ఎట్లా? గది గదికీ తిరిగి రాసుకొనడమే మార్గం. ఫ్రిజ్, టీవీ, మంచాలు అందరికీ గుర్తుంటాయి. అటక మీది ఇత్తడి గంగాళాలు, రాగి బిందెలు, బీరువాలోని పట్టుచీరలు, పరుపులు, కుట్టుమిషను, పిల్లల పుస్తకాలు గుర్తుకురావు. ఒక్కొక్కటిగా చూస్తే అల్పమే. అన్నీ ఒక్కసారి కొనవలసి వస్తే తెలుస్తుంది. కొన్ననాటి ధర కాక, అటువంటిదే కొత్తది నేడు కొనడానికి అయ్యే ధర రాయాలి. జాబితా ప్రతిని, రసీదులను, ఫోటోలను మరొక ఊరిలోని బంధువుల వద్ద ఉంచడం మంచిది. ఇంటితోపాటు కాలిపోయే జాబితా వల్ల ప్రయోజనం లేదు గదా!

బంగారు నగలు సాధారణ సామాను కిందికి రావు. వాటికి ముందుగా విలువ ఒప్పుకొని అదనపు రక్షణ తీసుకోవాలి. నగల మొత్తం విలువ 5 లక్షలలోపు, ఏ ఒక్క నగా లక్ష రూపాయలకు మించకుండా ఉంటే విలువ ధ్రువపత్రం అవసరం లేదు. నగదు, చెక్కులు, దస్తావేజులు, పొదగని రత్నాలు, వాహనాలు ఈ పాలసీలో చేరవు.

అద్దె ఇంటిలో ఉండేవారు కట్టడానికి ప్రీమియం చెల్లించనక్కరలేదు. అది యజమాని బాధ్యత. తమ సామానుకు మాత్రమే పాలసీ తీసుకోవచ్చు. ఉద్యోగరీత్యా ఊరూరూ తిరిగే కుటుంబాలకు ఇది ఎంతో చవకయిన రక్షణ. చాలామందికి ఇట్టి వీలు ఉన్నదనే తెలియదు.

దొంగతనం ఇందులో లేదు

ఇంటి బీమా అనగానే మనవారికి ముందు తోచేది దొంగల భయం. కాని భారత్ గృహరక్షలో దొంగతనానికి వర్తించే సందర్భం చాలా ఇరుకైనది. అగ్నిప్రమాదమో వరదో వచ్చి, దాని కారణంగా ఏడు రోజులలోపు జరిగిన చోరీ మాత్రమే చేరుతుంది. మామూలు రోజులలో తాళం పగలగొట్టి చేసిన దోపిడికి వేరే పాలసీ గాని, అదనపు విభాగం గాని కొనాలి. అందులోనూ బలప్రయోగంతో ఇంటిలో చొరబడిన గుర్తులు ఉండాలనే షరతు సాధారణం. తలుపు తీసి ఉంచినపుడు మాయమైన వస్తువుకు అది వర్తించకపోవచ్చు.

ప్రభుత్వరంగ కంపెనీలు చాలాకాలంగా గృహస్థుల పాలసీ పేరుతో ఒక కట్టను అమ్ముతున్నాయి. అగ్నిప్రమాదం, దొంగతనం, టీవీ, ఇంటిలోని యంత్రాల మరమ్మతు, సైకిలు, ప్రయాణపు సామాను ఇట్లు వేరువేరు విభాగాలు అందులో ఉంటాయి. ఎక్కువ విభాగాలు తీసుకొన్నవారికి తగ్గింపు ఇస్తారు. తగ్గింపు ఆశతో సైకిలు లేని ఇంటివారు సైకిలు విభాగాన్ని కొనుక్కొనడం తెలివైన పని కాదు.

షార్టు సర్క్యూటు వల్ల ఒక మిక్సీయో టీవీయో చెడిపోతే అగ్నిబీమా కింద దాని ధర రాదు; ఆ నిప్పు ఇల్లంతా పాకితే మాత్రం పాకిన నష్టం చేరుతుంది. విదేశాలలో స్థిరపడిన పిల్లల వద్దకు వెళ్లి ఆరేసి నెలలు ఉండివచ్చే తెలుగు తల్లిదండ్రులు గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. ఇల్లు వరుసగా 30 రోజులకు మించి ఖాళీగా ఉంటే ఆ సంగతి కంపెనీకి ముందుగా తెలియజేయాలనే షరతు అగ్నిబీమా పాలసీలలో సాధారణంగా కనిపిస్తుంది. ఒక్క ఉత్తరం రాసి, దానికి జవాబు తీసుకొని వెళ్లడం క్షేమం.

అప్పుతో అంటుకట్టిన బీమా

ఇంటి కోసం బ్యాంకు నుండి అప్పు తీసుకొన్నపుడు బీమా పత్రం కూడా ఆ కాగితాల దొంతరలో కలిసివస్తుంది. తాకట్టు ఆస్తికి బీమా ఉండాలని బ్యాంకు కోరడం న్యాయమే. అయితే ఫలానా కంపెనీ వద్దనే తీసుకోవాలని నిర్బంధించే అధికారం బ్యాంకుకు లేదు. రుణగ్రహీత తనకు నచ్చిన కంపెనీ పాలసీని తెచ్చి ఇవ్వవచ్చు. అప్పు మొత్తానికి బీమా చేయడమూ సరైన కొలత కాదు. అప్పు నేల ధరను కూడా కలుపుకొని ఇచ్చినది. బీమా కావలసింది కట్టడానికి.

ప్రీమియాన్ని కూడా అప్పులోనే కలిపి ఇస్తామన్నపుడు లెక్క వేసుకోవాలి. అనేక సంవత్సరాలకు కలిపి 15,000 రూపాయల ప్రీమియాన్ని 20 ఏళ్ల అప్పులో చేర్చి, వడ్డీ నూటికి 9 అనుకొంటే, నెలకు సుమారు 135 రూపాయల వాయిదా పడుతుంది. అప్పు తీరేసరికి ఆ పదిహేను వేలకు చెల్లించినది దాదాపు 32,400 రూపాయలు. అదే సొమ్మును చేతి నుండి చెల్లించగలిగితే ఈ వడ్డీ ఉండదు.

ధరలు అడిగే తీరు

విలువ నిర్ణయించుకొన్న తరువాత మూడు నాలుగు కంపెనీలను, ప్రభుత్వరంగంలోని ఒకదానితో సహా, ఒకే విలువకు, ఒకే గడువుకు, ఒకే పాలసీకి ధర చెప్పమనాలి. పన్ను కలిపి చెప్పిన ధరను పన్ను లేని ధరతో పోల్చకూడదు. ప్రతి నష్టంలోనూ మొదటి కొంత మొత్తం పాలసీదారే భరించాలనే షరతు ఉంటే అది ఎంతో అడగాలి. ధర బాగా తక్కువగా ఉన్నచోట అదనపు విభాగం ఏదైనా జారిపోయిందేమో, విలువ తగ్గించి రాశారేమో చూడాలి.

కమిషనులో కొంత తిరిగి ఇస్తానని ఏజెంటు ఆశపెడితే ఒప్పుకోరాదు. 1938 బీమా చట్టం 41వ సెక్షను అట్టి రిబేటును నిషేధించింది. ఇచ్చినవారితోపాటు తీసుకొన్నవారిదీ తప్పే. కంపెనీ అధికారికంగా ఇచ్చే తగ్గింపు వేరు, అది పాలసీలో కనబడుతుంది. అదే చట్టం 64వీబీ సెక్షను ప్రకారం ప్రీమియం కంపెనీకి ముందుగా ముట్టనిదే రక్షణ మొదలుకాదు. తుఫాను హెచ్చరిక విన్నాక చెక్కు రాసి ఏజెంటు చేతికి ఇచ్చినంత మాత్రాన పని పూర్తికాదు.

కంపెనీ పట్ల కూడా న్యాయం పాటించాలి. ఇంటి ముందుగదిలో కిరాణా దుకాణం నడుపుతూ నివాసమని మాత్రమే రాయడం, గడ్డి కప్పు వసారాను డాబాగా చూపడం ప్రీమియంలో కొద్దిగా కలిసివచ్చినట్లు కనిపిస్తుంది. నష్టం జరిగిననాడు సర్వేయరు వచ్చి చూసినపుడు మొత్తం క్లెయిముకే ముప్పు.

నష్టం కలిగిన వెంటనే కంపెనీకి తెలియజేయాలి. అగ్నిమాపక దళం, పోలీసుల నుండి కాగితాలు తీసుకోవాలి. పాడైన వస్తువులను సర్వేయరు చూడకముందే పారవేయరాదు. తప్పనిసరి అయితే ఫోటోలు తీసి ఉంచాలి. కంపెనీ జవాబు అన్యాయమని తోస్తే ముందుగా దానికే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలరోజులలో సమాధానం రాకపోయినా, వచ్చినది సంతృప్తికరంగా లేకపోయినా, ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాంలకు ఈ కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. రుసుము లేదు, వకీలు అవసరం లేదు. 2023 సవరణ ప్రకారం 50 లక్షల రూపాయలవరకు పరిహారం ఇప్పించే అధికారం ఆ అధికారికి ఉన్నది. ఆ తీర్పుకు కంపెనీ కట్టుబడాలి. పాలసీదారుకు నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి తెరిచే ఉంటుంది.